షుగర్, అధిక బరువు ఉన్నవారు లివర్ క్యాన్సర్ రిస్క్ ఎంతుందో తెలుసుకుని తగ్గించుకోవడం ఎలా?

షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి కళ్లు చూపించుకుంటారు. కిడ్నీల కోసం మూత్రం టెస్టు చేయించుకుంటారు. పాదానికి చిన్న దెబ్బ తగిలినా కంగారుపడతారు. లివర్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఎప్పుడో కడుపునొప్పికి స్కాన్ తీయిస్తే రిపోర్టు చివర్లో ‘ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1’ అని ఉంటుంది. ‘అందరికీ ఉండేదే లెండి’ అన్న ఒక్క మాటతో ఆ కాగితం ఫైల్లోకి వెళ్లిపోతుంది.

మా పెదనాన్న విషయంలో ఇదే జరిగింది. ఆయనకు పదకొండేళ్లుగా షుగర్. మూడు నెలలకోసారి రక్తపరీక్ష తప్పేది కాదు. మందు చుక్క ముట్టని మనిషి. కాళ్ల వాపుతో ఆస్పత్రికి వెళ్తే లివర్ సిర్రోసిస్ అని, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిందని తేలింది. ఆ తర్వాత పాత రిపోర్టులన్నీ ముందేసుకుని చూశాం. నాలుగేళ్ల ముందు నుంచే ప్లేట్‌లెట్లు కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చాయి. ఆ అంకెలు మా ఇంట్లోనే ఉన్నాయి, చదవడమే మాకు తెలియలేదు. మీ ఇంట్లో అలా జరగకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందు షుగర్, బరువు, లివర్ క్యాన్సర్ మూడింటికీ ఉన్న సంబంధం అర్థం చేసుకోండి

పొట్ట లోపల కొవ్వు పేరుకునేకొద్దీ ఇన్సులిన్ పని శరీరంలో మందగిస్తుంది. దాంతో కొవ్వు కణాల్లో దాగాల్సిన కొవ్వు రక్తంలోకి వచ్చి లివర్‌లో చేరుతుంది. అది చాలదన్నట్టు, మనం ఎక్కువగా తీసుకున్న చక్కెరను లివర్ తనే కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. లివర్ కణాల్లో 5 శాతానికి మించి కొవ్వు చేరితే దాన్ని ఫ్యాటీ లివర్ అంటారు. మద్యం వల్ల కాకుండా బరువు, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ సమస్యలతో వచ్చే ఈ జబ్బుకు 2023లో డాక్టర్ల సంఘాలు కొత్త పేరు పెట్టాయి, ఎంఏఎస్ఎల్‌డీ అని. మీ రిపోర్టులో పాత పేరు ఎన్ఏఎఫ్ఎల్‌డీ అని ఉన్నా కంగారు పడకండి, జబ్బు దాదాపు అదే.

కొంతమందిలో కొవ్వు అక్కడితో ఆగదు. లివర్‌లో వాపు మొదలవుతుంది. కణాలు చనిపోతూ, కొత్తవి పుడుతూ ఉంటాయి. దెబ్బతిన్నచోట మచ్చ కడుతుంది. ఈ మచ్చనే ఫైబ్రోసిస్ అంటారు. మచ్చలు లివర్ అంతా అల్లుకుపోయి అది గట్టిపడితే సిర్రోసిస్. కణాలు ఏళ్ల తరబడి చచ్చి పుడుతూ ఉంటే ఎక్కడో ఒకచోట జన్యువులో తప్పు దొర్లుతుంది. అలా దారి తప్పిన కణం పెరగడానికి ఒంట్లో ఎక్కువగా ఉన్న ఇన్సులిన్ కూడా ఊతమిస్తుంది. క్యాన్సర్ ఇలా మొదలవుతుంది.

టైప్ 2 షుగర్ ఉన్నవారిలో లివర్ క్యాన్సర్ రిస్క్ మిగతావారితో పోలిస్తే సుమారు రెండింతలు. అమెరికాలో 9 లక్షల మందికి పైగా పెద్దలను 16 ఏళ్లపాటు గమనించిన ఒక అధ్యయనం 2003లో వెలువడింది. బీఎంఐ (కిలోల బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 35, ఆపైన ఉన్న మగవారిలో లివర్ క్యాన్సర్ మరణాలు మామూలు బరువున్న వారికంటే నాలుగున్నర రెట్లు ఉన్నాయని అందులో తేలింది.

ఇది చదివి భయపడకండి. ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో చాలా ఎక్కువ మందికి క్యాన్సర్ ఎప్పటికీ రాదు. ఎవరికి రావచ్చో ముందే సూచించేది ముఖ్యంగా మచ్చ. లివర్‌లో కొవ్వు ఎంతుందన్న దానికంటే మచ్చ ఎంతుందన్నది ముఖ్యం. ఇక్కడే చాలామంది పొరపడతారు. అల్ట్రాసౌండ్ రిపోర్టులోని గ్రేడ్ 1, 2, 3 అనేవి కొవ్వు ఎంతుందో చెప్పే అంకెలు. మచ్చ గురించి అవి ఏమీ చెప్పవు. గ్రేడ్ 3 ఉన్నా మచ్చ లేనివాళ్లుంటారు, గ్రేడ్ 1 దగ్గరే మచ్చ బాగా ముదిరినవాళ్లూ ఉంటారు. సిర్రోసిస్ ముదిరితే లివర్‌లో కొవ్వు తగ్గిపోయి కనిపిస్తుంది కూడా.

మొదటి పని: నడుము కొలుచుకోండి

బరువు చూసే మిషన్ కంటే టేపు ఎక్కువ చెబుతుంది. ఊపిరి మామూలుగా వదిలి, కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో టేపు పెట్టి కొలవండి. ఆ కొలత మీ ఎత్తులో సగం దాటకూడదు. 160 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి 80 హద్దు. బీఎంఐ కూడా లెక్కేసుకోండి. అయితే ఆసియా మూలాలున్నవారిలో బీఎంఐ 23 దాటినప్పటి నుంచే షుగర్ రిస్క్ పెరుగుతుందని గుర్తుంచుకోండి. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకు వచ్చినవారు ‘నేను లావు కాదుగా’ అనుకుని ఊరుకోవద్దు.

రెండో పని: పాత రిపోర్టులు తీసి ఫిబ్-4 లెక్కేయండి

ఫిబ్-4 అంటే లివర్‌లో మచ్చ ముదిరిందేమో అంచనా వేసే ఒక లెక్క. దీనికి కొత్త టెస్టు అక్కర్లేకపోవచ్చు. మీ వయసు, రెండు లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్య ఉంటే చాలు. ఎంజైముల పేర్లు రిపోర్టులో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అని ఉంటాయి. కొన్ని ల్యాబుల్లో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అని రాస్తారు. ఎస్‌జీఓటీ అంటే ఏఎస్‌టీ, ఎస్‌జీపీటీ అంటే ఏఎల్‌టీ. ఈ రెండూ, ప్లేట్‌లెట్లూ ఒకే రోజు తీసిన రక్తంలోవైతే మంచిది.

లెక్క ఇలా వేయాలి. వయసును ఏఎస్‌టీతో గుణించి ఒకచోట రాసుకోండి. ప్లేట్‌లెట్లను వేలల్లో రాయండి, అంటే 2.1 లక్షలు ఉంటే 210. దాన్ని ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించండి. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి.

ఒక ఉదాహరణ చూద్దాం. వయసు 54. ఏఎస్‌టీ 48. ఏఎల్‌టీ 36, దాని వర్గమూలం 6. ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు. 54ను 48తో గుణిస్తే 2592. 210ని 6తో గుణిస్తే 1260. 2592ను 1260తో భాగిస్తే సుమారు 2.06. ఫోన్‌లో ఫిబ్-4 క్యాలిక్యులేటర్ అని వెతికినా దొరుకుతుంది, కానీ ఒకసారి చేత్తో వేసి చూస్తే ఏ అంకె ఎటు లాగుతోందో తెలుస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గేకొద్దీ ఫలితం పెరుగుతుంది. మా పెదనాన్న రిపోర్టుల్లో జరిగింది అదే.

1.3 కంటే తక్కువ వస్తే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 65 ఏళ్లు దాటినవారికి ఈ హద్దు 2.0. 2.67 దాటితే రిస్క్ ఎక్కువ. ఈ రెండింటి మధ్య వస్తే ఇంకో టెస్టు చేయిస్తేగానీ తేలదు. మన ఉదాహరణలోని వ్యక్తి ఈ మధ్యలోనే ఉన్నాడు.

రెండు జాగ్రత్తలు. జ్వరంలో ఉన్నప్పుడో, ఒళ్లు హూనమయ్యేంత కసరత్తు చేసిన మర్నాడో తీసిన రక్తంతో లెక్కేయకండి, అంకెలు తప్పుదారి పట్టిస్తాయి. 35 ఏళ్లలోపు వారికి ఈ లెక్క అంత నమ్మదగినది కాదు. ఇంకొక మాట. ‘ఎంజైములు నార్మల్‌గానే ఉన్నాయి కదా’ అని ఈ లెక్క మానేయకండి. ఎంజైములు నార్మల్‌గా ఉంటూనే లివర్‌లో మచ్చ ముదరవచ్చు. అందుకే టైప్ 2 షుగర్ గానీ ప్రీడయాబెటిస్ (షుగర్ వచ్చే ముందు దశ) గానీ ఉన్న పెద్దలకు, ఎంజైములు నార్మల్‌గా ఉన్నా, ఫిబ్-4 చూడాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సిఫారసు చేస్తోంది.

మూడో పని: వచ్చిన అంకెను బట్టి అడుగు వేయండి

తక్కువ వచ్చిందా, బరువు, షుగర్ మీద దృష్టి పెట్టి ఏడాది, రెండేళ్లకోసారి మళ్లీ లెక్కేసుకోండి. ఆ అంకెను తేదీతో సహా ఫైలు మొదటి పేజీలో రాసి పెట్టండి.

మధ్యలో వస్తే ఫైబ్రోస్కాన్ రాయమని డాక్టర్‌ను అడగండి. ఇది లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే పరీక్ష. నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, లేకపోతే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. శరీరం బాగా లావుగా ఉంటే మామూలు ప్రోబ్‌తో (ఒంటికి ఆనించి కొలిచే పరికరంతో) కొలత సరిగా రాదు, ఎక్స్‌ఎల్ ప్రోబ్ ఉందా అని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే కనుక్కోండి. ఫలితం 8 కిలోపాస్కల్స్ లోపు ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. 8 దాటితే లివర్ స్పెషలిస్టును కలవాలి. 12 దాటితే ఆలస్యం వద్దు.

ఫిబ్-4 నేరుగా 2.67 దాటితే స్పెషలిస్టు దగ్గరికే వెళ్లండి. అయినా సరే, ఈ అంకె ఒక్కదాన్ని చూసి సిర్రోసిస్ అని మీకు మీరే తీర్పు ఇచ్చుకోవద్దు. ఎక్కువ వచ్చినవారిలో చాలామందికి తర్వాతి పరీక్షల్లో పెద్ద మచ్చ లేదని తేలుతుంది.

నాలుగో పని: లివర్‌కు ఇంకో దెబ్బ తగలకుండా చూడండి

కొవ్వుతో ఇబ్బంది పడుతున్న లివర్ మీద ఇంకొకటి వచ్చి పడితే రిస్క్ వేగంగా పెరుగుతుంది. లివర్‌ను దెబ్బతీసే వైరస్‌లైన హెపటైటిస్ బి, సి పరీక్షలు జీవితంలో ఒక్కసారైనా చేయించుకోండి. బి లేకపోతే టీకా వేయించుకోండి, పెద్దవాళ్లూ వేయించుకోవచ్చు. సి ఉందని తేలితే 8 నుంచి 12 వారాల మాత్రలతో దాదాపు అందరికీ నయమవుతుంది. ఒక చిన్న రక్తపరీక్షతో ఇంత లాభం ఉన్నప్పుడు ఎందుకు వదులుకోవాలి?

మద్యం విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. లావు, మద్యం కలిస్తే లివర్‌కు జరిగే నష్టం విడివిడిగా జరిగేదానికంటే ఎక్కువ. మచ్చ ఉందని తేలినవారు పూర్తిగా మానేయాలి. ‘వారానికి ఒక్కసారే’ అనే మినహాయింపు కూడా వద్దు. సిగరెట్ కూడా లివర్ క్యాన్సర్ కారకాల్లో ఒకటి.

బరువు తగ్గిస్తాయనో, లివర్‌ను శుభ్రం చేస్తాయనో అమ్మే పొడులు, మూలికల గుళికలు, గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రలు కొందరిలో లివర్‌ను తీవ్రంగా దెబ్బతీశాయి. సహజమైనదని రాసి ఉంటే హాని చేయదని కాదు. బూజు పట్టిన గింజలు, ధాన్యం పారేయండి. ఆ బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ నేరుగా లివర్ క్యాన్సర్ తెచ్చే విషం.

కాఫీ తాగే అలవాటుంటే మానక్కర్లేదు. కాఫీ తాగేవారిలో లివర్ క్యాన్సర్ తక్కువగా కనిపిస్తోందని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఐఏఆర్‌సీ, చేసిన సమీక్షలో ఉంది. చక్కెర లేకుండా తాగితేనే మీకు పనికొస్తుంది.

ఐదో పని: బరువుకు ఒక లెక్క పెట్టుకోండి

‘సన్నబడాలి’ అని అనుకుంటే ఎక్కడ ఆగాలో తెలియదు, మధ్యలోనే విసుగొస్తుంది. లివర్‌కు కావలసిన లెక్క చాలా స్పష్టంగా ఉంది. ఉన్న బరువులో 3 నుంచి 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గడం మొదలవుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది. 10 శాతం, అంతకు మించి తగ్గినవారిలో చాలామందికి మచ్చ కూడా వెనక్కి తగ్గే అవకాశం ఉంది. మన ఉదాహరణలోని మనిషి బరువు 84 కిలోలు అనుకుందాం. మొదటి మెట్టు సుమారు 4 కిలోలు, రెండోది 6, మూడోది 8 దాటాలి. అంతే. కాలేజీ రోజుల్లోని బరువుకు రానక్కర్లేదు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకే ఎంతో ధైర్యం వచ్చింది.

తొందరపడి ఉపవాసాలతో గుల్లకాకండి. వారానికి అర కిలో నుంచి కిలో వరకు తగ్గితే చాలు. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు.

తిండిలో ముందుగా మానాల్సినవి తియ్యటి పానీయాలు. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు, చక్కెర కలిపిన పాల పానీయాలు అన్నీ ఇందులోకే వస్తాయి. వాటిలోని ఫ్రక్టోజ్‌ను శరీరంలో ఎక్కువగా సంభాళించేది లివరే, మిగిలినదాన్ని కొవ్వుగా మార్చేదీ అదే. కంచంలో సగం కూరగాయలు, పావు వంతు ప్రొటీన్, పావు వంతు పిండిపదార్థం ఉండేలా చూసుకోండి. రాత్రి భోజనం తర్వాత మళ్లీ ఏదో ఒకటి నోట్లో వేసుకునే అలవాటు చాలామందిలో ఉంటుంది, అది లెక్కలోకి రాకుండా పోతుంది. ఒక వారంపాటు తిన్నదంతా రాసి చూడండి, ఎక్కడ కోయాలో మీకే కనిపిస్తుంది.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం. బరువు దిగకపోయినా వ్యాయామం వల్ల లివర్‌లోని కొవ్వు కొంత తగ్గుతుంది. కాబట్టి మొదటి నెలలో ముల్లు కదల్లేదని నడక ఆపేయకండి.

షుగర్ మందుల గురించి డాక్టర్‌తో మాట్లాడండి

ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవారు తిండి తగ్గించే ముందు తప్పనిసరిగా డాక్టర్‌కు చెప్పాలి. డోసు మార్చకుండా తిండి తగ్గిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోయి ప్రమాదం వస్తుంది. ఈ మాటను దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

షుగర్ మందులన్నీ లివర్‌కు ఒకేలా పనిచేయవు. బరువును కూడా తగ్గించే జీఎల్‌పీ-1 రకం మందులు మీకు సరిపోతాయేమో అడగండి. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్‌ను మచ్చతో కూడిన ఫ్యాటీ లివర్ వాపుకు వాడటానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 ఆగస్టులో అనుమతించింది. అంతకుముందు 2024 మార్చిలో ఇదే జబ్బుకు రెస్మెటిరోమ్ అనే మాత్రకు అనుమతి వచ్చింది. ఇవి మచ్చ ఓ మోస్తరు నుంచి బాగా ముదిరినవారి కోసం, సిర్రోసిస్ దాకా వెళ్లినవారి కోసం కాదు. కొవ్వు మాత్రమే ఉన్నవారు వీటి కోసం పరుగెత్తనక్కర్లేదు.

కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ రాస్తే ‘లివర్ పాడవుతుందట’ అని మానేసేవాళ్లను చాలామందిని చూశాను. ఫ్యాటీ లివర్ ఉన్నవారు స్టాటిన్లు వాడవచ్చు. వారి ప్రాణానికి అన్నిటికంటే పెద్ద ముప్పు గుండె జబ్బు, దాన్నుంచి కాపాడేది ఈ మాత్రే. డాక్టర్‌ను అడగకుండా ఆపవద్దు.

సిర్రోసిస్ అని తేలితే: ఆరు నెలల స్కాన్ తప్పించకండి

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 8.66 లక్షల మందికి లివర్ క్యాన్సర్ బయటపడింది. అదే ఏడాది సుమారు 7.59 లక్షల మంది దానితో చనిపోయారు. రెండు అంకెలూ ఇంత దగ్గరగా ఉండటానికి పెద్ద కారణం, చాలామందిలో అది ఆలస్యంగా బయటపడటం. లివర్ లోపలి భాగానికి నొప్పి తెలియదు. గడ్డ పెరిగి పైపొరను లాగేదాకా మనిషికి ఏమీ అనిపించదు. నొప్పి వచ్చాక చూద్దాం అనుకుంటే అప్పటికే చేయిదాటిపోవచ్చు.

అందుకే సిర్రోసిస్ ఉన్నవారు ఒంట్లో బాగున్నా సరే ప్రతి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించుకోవాలి. దానితోపాటు ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష కూడా చేస్తే గడ్డను పట్టుకునే అవకాశం పెరుగుతుంది. ఏఎఫ్‌పీ నార్మల్‌గా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని కాదు, కాబట్టి రక్తపరీక్షతో సరిపెట్టుకుని స్కాన్ మానేయవద్దు. చిన్నగా ఉన్నప్పుడే దొరికితే ఆపరేషన్, సూదితో కాల్చేయడం, లివర్ మార్పిడి లాంటి నయం చేసే చికిత్సలు ఉన్నాయి.

లావుగా ఉన్నవారు ఒక విషయం తప్పకుండా చూడాలి. పొట్ట కొవ్వు వల్ల అల్ట్రాసౌండ్‌లో లివర్ సరిగా కనిపించకపోవచ్చు. రిపోర్టులో లివర్ పూర్తిగా కనిపించలేదన్న అర్థం వచ్చే వాక్యం ఉంటే, ‘గడ్డ ఏమీ లేదు’ అన్న మాటను పూర్తిగా నమ్మకండి. సీటీ గానీ ఎంఆర్ఐ గానీ అవసరమా అని అడగండి. సెంటీమీటర్ కంటే చిన్న గడ్డలాంటిది కనిపిస్తే మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ స్కాన్ చేస్తారు. సెంటీమీటర్, అంతకు మించి ఉంటే కాంట్రాస్ట్‌తో (బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి మందు ఎక్కించి) సీటీ లేదా ఎంఆర్ఐ చేస్తారు. సిర్రోసిస్ ఉన్నవారిలో చాలాసార్లు ఆ బొమ్మలతోనే నిర్ధారణ అయిపోతుంది, ముక్క తీసి పరీక్షించే అవసరం రాదు.

సిర్రోసిస్ వచ్చాక తిండి సూత్రాలు కూడా మారతాయి. కండ కరిగిపోకుండా ప్రొటీన్ ఎక్కువ తీసుకోవాలి, రాత్రంతా ఖాళీ కడుపుతో ఉండకూడదు. పైన చెప్పిన బరువు లెక్కను వీరు సొంతంగా పాటించవద్దు, డాక్టర్, డైటీషియన్ చెప్పినట్టే చేయాలి. మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా వీరిలో ఒక్కోసారి నిజమైన షుగర్ కంటే తక్కువ చూపిస్తుంది, అందుకే ఇంట్లో గ్లూకోమీటర్ అంకెలు రాసుకుని తీసుకెళ్లండి.

కళ్లు పచ్చబడటం, పొట్టలో నీరు, కారణం లేకుండా బరువు తగ్గడం, కుడివైపు పక్కటెముకల కింద వదలని నొప్పి కనిపిస్తే వచ్చే స్కాన్ తేదీ దాకా ఆగకుండా వెళ్లండి. నల్లటి విరేచనం, రక్తం వాంతి, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం అయితే నేరుగా ఎమర్జెన్సీకే.

ఇంట్లో ఒకరికి ఫ్యాటీ లివర్ వల్ల సిర్రోసిస్ వచ్చిందంటే తోబుట్టువులకూ, పెద్దవాళ్లైన పిల్లలకూ మచ్చ ఉండే రిస్క్ ఎక్కువ. పెదనాన్నకు తేలిన నెలలోనే మా నాన్నకూ, మేనత్తకూ ఫిబ్-4 లెక్కేశాం. నాన్నది 1.1. అత్తది 1.9 వచ్చింది, ఫైబ్రోస్కాన్ చేయిస్తే 9 చూపించింది. ఆవిడ ఇప్పటికి 6 కిలోలు తగ్గింది, వచ్చే టెస్టు తేదీని వంటింట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకుంది.